ముహూర్తం ఫొటోలకు ఐఎస్ఓ 400 దాటవచ్చా?

పెన్నాగట్టు (నెల్లూరు):

నేను పదకొండేళ్లుగా నెల్లూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. నాకు పని నేర్పిన గురువుగారు, మండపంలో ఐఎస్ఓ (కెమెరా పట్టిన వెలుగును ఎంత పెంచాలో చెప్పే అంకె) 400 దాటితే గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తాయని, ఫొటో చీకటిగా వచ్చినా తర్వాత కంప్యూటర్లో వెలుగు పెంచుకోవచ్చని చెప్పేవారు. మొన్న కోవూరు దగ్గర తెల్లవారుజామున మూడున్నర గంటల ముహూర్తానికి ఆ మాటే పాటించాను. అపర్చర్ (లెన్స్ రంధ్రం) 2.8కు తెరిచినా, 400 వద్ద తగిన వెలుగు రావడానికి షట్టర్‌ను సెకనులో 1/15 వంతుకు దించవలసి వచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు అలికినట్టు వచ్చాయి. తలంబ్రాలకు షట్టర్‌ను 1/125 చేసి, ఐఎస్ఓను మాత్రం 400 వద్దే ఉంచాను. ఆ ఫొటోలు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) చీకటిగా వచ్చాయి. ఇంటికి వచ్చి వెలుగు పెంచగానే పెళ్లికూతురి జడ మీద ఎర్రటి చుక్కలు, వెనుక తెర మీద అడ్డగీతలు తేలాయి. గురువుగారి మాట తప్పా, నేను పాటించిన తీరు తప్పా? పెద్దలు చెప్పగలరు.

ఒంగోలు లెక్చరర్:

అయ్యా, నేను ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పేవాణ్ణి. ఫొటోలు సరదాకు తీస్తాను. మీ గురువుగారి మాటలో కారణాన్నీ, దానితో పాటు కనిపించే లక్షణాన్నీ ఒకటిగా కట్టేశారని నా అభిప్రాయం. వాన మొదలైనప్పుడు వాకిట్లో చినుకులు ఒకచోట పడి ఇంకొకచోట పడవు; జోరందుకున్నాక నేలంతా సమంగా తడుస్తుంది. కెమెరాలో కాంతిని పట్టే సెన్సర్ మీద కాంతి కణాలు కూడా అలాగే పడతాయి. ఒక పిక్సెల్ 10,000 కణాలను పట్టుకుంటే వాటిలో హెచ్చుతగ్గులు సుమారు 100, అంటే నూటికి ఒకటి. 100 కణాలే దొరికితే హెచ్చుతగ్గులు సుమారు 10, అంటే పదికి ఒకటి. మనకు కనిపించే నాయిస్‌లో (మీరు గ్రెయిన్స్ అనే గరుకులో) పెద్ద భాగం ఇదే, దీన్ని నిర్ణయించేది షట్టర్, అపర్చర్, మండపంలోని దీపాలు. ఐఎస్ఓ అన్నది ఆ కాంతి పట్టుబడిన తర్వాత సిగ్నల్‌ను పెంచే మెట్టు మాత్రమే. వెలుగు తక్కువైనందువల్ల మనం ఐఎస్ఓ పెంచుతాం, అందువల్ల రెండూ కలిసి కనిపిస్తాయి, నింద ఐఎస్ఓ మీద పడుతుంది.

ఇక మీ అడ్డగీతల సంగతి. సిగ్నల్‌ను అంకెలుగా మార్చేటప్పుడు సర్క్యూట్ తన నాయిస్‌ను కూడా కొంత కలుపుతుంది. పాత కెమెరాలు కొన్నింటిలో ఆ మార్పిడి సెన్సర్ బయట, వేరే చిప్‌లో జరిగేది. అక్కడికి బలహీనమైన సిగ్నల్ వెళితే ఈ నాయిస్ దానికి సమ ఉజ్జీగా నిలబడుతుంది, మీరు కంప్యూటర్లో వెలుగు పెంచితే దాన్ని కూడా ఎనిమిది రెట్లు పెంచినట్టే. 3200 పెట్టి తీసి ఉంటే సిగ్నల్ ముందే బలపడి ఉండేది.

కొత్తపట్నం తీరం:

లెక్చరర్ గారి వివరణతో నాకు పేచీ లేదు గాని, అందరూ ఐఎస్ఓ పెంచుకుంటూ పోవాలన్న అర్థం వస్తే ఒప్పుకోను. నేను వేకువనే పడవలు సముద్రంలోకి దిగేటప్పుడు తీస్తాను. పడవ కింద చీకటి, వెనుక తూర్పున అప్పుడే ఎక్కుతున్న వెలుగు. ఐఎస్ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ పైవైపు ఒక స్టాపు వెలుగును పోగొట్టుకుంటాం, తెల్లని నురగ ఒకసారి కాలిపోతే, అంటే వివరం లేని ఉత్త తెలుపైతే, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. పెళ్లికొడుకు పట్టుపంచె సంగతీ అంతే. సోనీ ఏ7 3 వంటి కెమెరాల సెన్సర్లలో ఐఎస్ఓ 640 దగ్గర లోపలి గెయిన్ (సిగ్నల్‌ను పెంచే) మెట్టు మారుతుంది. ఆ తర్వాత 640 వద్ద తీసి వెలుగు పెంచినా, 3200 వద్ద తీసినా చీకటి భాగాలు దాదాపు ఒకేలా ఉంటాయి, తెలుపు మాత్రం 640 లోనే భద్రంగా ఉంటుంది. చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచే మీ గురువుగారి పద్ధతి, 400 బదులు 640 వద్ద అయితే, ఇలాంటి కెమెరాకు సరిపోయేది.

కందుకూరు ఆల్బమ్ డిజైనర్:

తీరం గారూ, మీరు చెప్పినది రా ఫైళ్లకు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైళ్లకు) వర్తిస్తుంది. నా దగ్గరకు వచ్చే పెళ్లిళ్లలో ఎక్కువ భాగం జేపెగ్‌లే (కెమెరా కుదించి ఇచ్చే ఫొటోలే), వాటిలో చీకటిని తవ్వితే రంగుల ముద్దలే బయటపడతాయి. పైగా పెళ్లి పెద్దలు అక్కడికక్కడే స్క్రీన్ మీద చూపించమంటారు. మూడు స్టాపుల చీకటి ఫొటో చూపించి తర్వాత బాగుచేస్తామంటే ఎవరు నమ్ముతారు?

ఇంకొక మాట, నాకు ఇది ముఖ్యం. మీరు స్క్రీన్ మీద నూరు శాతం పెద్దది చేసి చూసి బెంబేలెత్తే గ్రెయిన్స్, పన్నెండుకు ముప్పై ఆరు అంగుళాల షీటులో నాలుగు ఫొటోలు పేర్చినప్పుడు సగానికి సగం కనిపించవు. కదిలిపోయిన చేతులు మాత్రం ఎంత చిన్నది చేసినా కదిలిపోయినట్టే కనిపిస్తాయి. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు బాగున్నాయి, అయితే గట్టిగా వాడితే అమ్మమ్మల ముఖాల మీది ముడతలు మైనంలా నున్నబడతాయి. నేను సగం దగ్గరే ఆపుతాను.

పెన్నాగట్టు (నెల్లూరు):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి స్టూడియోలో ఒకే దీపం కింద నల్లచీర, తెల్ల పంచె పక్కపక్కన వేలాడదీసి, ట్రైపాడ్ మీద, షట్టర్, అపర్చర్ మార్చకుండా 100, 400, 1600, 3200 వద్ద రా లో తీసి, కంప్యూటర్లో అన్నింటినీ ఒకే వెలుగుకు తెచ్చాను. నా పాత కెమెరాలో 100, 400 ఫొటోలలో నల్లచీర నిండా గీతలున్నాయి. 1600లో గీతలు లేవు. 3200లో నలుపు అంతకంటే మెరుగేమీ కాలేదు గాని, పంచె అంచు మడతలు కాలిపోయాయి. అంటే నా కెమెరాకు 1600 దాకా పెంచడంలో లాభం ఉంది, ఆపైన ఒక స్టాపు కంప్యూటర్లో పెంచుకుంటే తెలుపు నిలుస్తుంది. వచ్చే గురువారం ఆత్మకూరులో ముహూర్తం ఉంది. ముందు షట్టర్‌ను 1/125 వద్ద నిలిపి, 1600 పెట్టి, రా లోనే తీస్తాను. పెద్దలకు చూపించడానికి కొన్ని మాత్రం 3200 వద్ద వేరుగా తీసి ఉంచుతాను.