అప్‌డేట్: చియాంగ్ మాయా, పెనాంగా అని అడిగాను కదా, తేల్చుకున్నాం

మా ఆయనకు 61, నాకు 57. తిరుపతి ఇల్లు అమ్మకుండా, చేతిలో కొంచెం పని ఉంచుకుని విదేశంలో ఎక్కడ ఉండాలని అప్పుడు అడిగాను.

చియాంగ్ మాయ్ వద్దనుకున్నాం. థాయిలాండ్ రిటైర్మెంట్ వీసాకు 50 ఏళ్లు దాటాలి, బ్యాంకులో 8 లక్షల బాత్ లేదా నెలకు 65,000 బాత్ ఆదాయం చూపాలి. అది సర్దుకునేవాళ్లం. కానీ ఆ వీసా మీద పని చేయకూడదు. ఈయనేమో అకౌంట్స్ పని వదలరు, వదలమని నేనూ అనలేను.

మలేషియాలోని పెనాంగ్ మనసుకు నచ్చింది. కొండ మీద మురుగన్ గుడి, వీధుల్లో తమిళం. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు తమిళం పరాయిదేమీ కాదు. అయితే దీర్ఘకాల వీసాలో సిల్వర్ రకానికే లక్షన్నర డాలర్ల డిపాజిట్, పైగా 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి. మాకు అది చాలా బరువు. 2023 డిసెంబరు నుంచి మనకు అక్కడ 30 రోజులు వీసా అక్కర్లేదు కాబట్టి ముందు ఒక నెల అద్దెకు ఉండి చూస్తాం.

అసలు టెన్షన్ చిత్తూరులో ఉన్న మా అమ్మ గురించే. కబురొస్తే ఆ రోజే బయల్దేరగలిగే చోటు కావాలి. చెన్నై నుంచి మలేషియా రాజధాని కౌలాలంపూర్‌కు విమానంలో నాలుగు గంటలే. పోర్చుగల్ అని చెప్పినవాళ్లకు థాంక్స్, కానీ అంత దూరం కాబట్టే అది కుదరలేదు.