ఏడీసీ ముందున్న డిఫరెన్షియల్ యాంప్లిఫయర్‌లో ఆఫ్‌సెట్: వీఓసీఎం మార్చినా ఎందుకు పోవడం లేదు?

ప్రశ్న (ఆటోనగర్, విజయవాడ)

నమస్కారమండీ. లారీ కమాను కట్టల మీద బరువు మోపి పరీక్షించే యంత్రానికి కొలత బోర్డు తయారుచేస్తున్నాను. లోడ్‌సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్) సంకేతం ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్‌లో పెరిగి, 2 టన్నుల బరువుకు 4 వోల్టులుగా బయటికి వస్తుంది. అక్కడి నుంచి 50 ఓమ్‌ల రెసిస్టర్, మీటరు పొడవు కేబుల్ దాటి ఫుల్లీ డిఫరెన్షియల్ యాంప్లిఫయర్‌కు (సంకేతాన్ని రెండు అవుట్‌పుట్ల మధ్య తేడాగా ఇచ్చేది) చేరుతుంది. దాని చుట్టూ ఉన్న నాలుగు రెసిస్టర్లూ 1 కిలో ఓమ్, 1 శాతం రకానివి. రెండో ఇన్‌పుట్ రెసిస్టర్‌ను నేరుగా గ్రౌండుకు కలిపాను. ఆ అవుట్‌పుట్ల సగటు వోల్టేజీని పెట్టే వీఓసీఎం పిన్ను 2.5 వోల్టుల దగ్గర ఉంది. వోల్టేజీని అంకెలుగా (కౌంట్లుగా) మార్చే ఏడీసీ 16 బిట్లది, దాని పరిధి మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టులు.

50 ఓమ్‌ల రెసిస్టర్ మొదలును గ్రౌండుకు తగిలించి చూసినా సున్నా రావలసిన చోట ఏడీసీ 410 కౌంట్ల ఆఫ్‌సెట్ చూపుతోంది. ఇది దాదాపు 32 కిలోల బరువుతో సమానం. వీఓసీఎం‌ను 2.0 వోల్టులకు తగ్గిస్తే 330 కౌంట్లకు దిగింది కానీ సున్నాకు రాలేదు. పైగా ఉదయం తీసిన రీడింగుకూ, షెడ్డు కాగిన తరువాత మధ్యాహ్నం తీసిన రీడింగుకూ 12 కౌంట్ల తేడా ఉంటోంది. ట్రిమ్మర్ (తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్) పెట్టి సరిదిద్దాలా, లేక సాఫ్ట్‌వేర్‌లో తీసివేస్తే చాలునా?

జవాబు (గుంటూరు)

వీఓసీఎం పని రెండు అవుట్‌పుట్ల సగటును నిర్ణయించడం మాత్రమే. ఏడీసీ చూసేది ఆ రెండింటి మధ్య తేడాను కనుక, అంతా సమతూకంగా ఉన్న సర్క్యూట్‌లో ఈ పిన్నును ఎంత మార్చినా రీడింగు కదలకూడదు. మీ దగ్గర కదిలిందంటే రెండు వైపుల ఫీడ్‌బ్యాక్ నిష్పత్తులు (అవుట్‌పుట్‌లో ఎంత భాగం ఇన్‌పుట్‌కు వెనక్కి వస్తుందో అది) సమానంగా లేవని అర్థం. మీకు తెలియకుండానే మీరు చాలా మంచి పరీక్ష చేశారు.

అర వోల్టుకు 80 కౌంట్లు మారాయి కనుక, 2.5 వోల్టులకు 400 కౌంట్లు ఈ అసమానత వల్లే వస్తున్నాయి. మిగిలిన 10 కౌంట్లు, అంటే సుమారు 1.5 మిల్లీవోల్టులు, యాంప్లిఫయర్ సొంత ఆఫ్‌సెట్, బయాస్ కరెంటు (దాని ఇన్‌పుట్లలో పారే చిన్న కరెంటు) కలిసినవి.

ఇక ఆ 400 కౌంట్ల మూలం మీ 50 ఓమ్‌ల రెసిస్టరే. సంకేతం వైపు ఇన్‌పుట్ రెసిస్టెన్సు 1050 ఓమ్‌లయింది, గ్రౌండు వైపు 1000 దగ్గరే ఉంది. 2.5 వోల్టుల అవుట్‌పుట్ వెనక్కి వచ్చి ఒక వైపు 1.28 వోల్టులుగా, రెండో వైపు 1.25 వోల్టులుగా పంచబడుతుంది. యాంప్లిఫయర్ ఆ 30 మిల్లీవోల్టుల తేడాను చెరిపేయడానికి తన రెండు అవుట్‌పుట్లను దాదాపు 60 మిల్లీవోల్టుల మేర ఎడంగా జరుపుతుంది. మీ ఏడీసీలో ఒక కౌంటు 0.153 మిల్లీవోల్టు కనుక ఇదొక్కటే 395 కౌంట్లవుతుంది.

గ్రౌండు వైపు రెసిస్టర్‌కు కూడా వరుసలో 50 ఓమ్‌లు చేర్చండి. కేబుల్ కెపాసిటెన్సు వల్ల ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ డోలనంలోకి పోకుండా కాపాడేది అదే కనుక, సంకేతం వైపున్న 50 ఓమ్‌లను మాత్రం తీసివేయకండి. ఈ మార్పుతో గెయిన్ (సంకేతం పెరిగే నిష్పత్తి) 1.2 శాతం తగ్గుతుంది, అందుచేత తెలిసిన బరువు పెట్టి మళ్లీ కాలిబ్రేషన్ చేయాలి.

జవాబు (పటమట, విజయవాడ)

పై లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ 1 శాతం రెసిస్టర్లు బహుశా ఒకే రీలు నుంచి వచ్చి దగ్గర దగ్గరగా కుదిరాయి. నాలుగూ ప్రతికూలంగా తప్పితే వాటి వల్లే 50 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ వచ్చేది.

మధ్యాహ్నపు తేడా మాత్రం 50 ఓమ్‌లు చేర్చినంత మాత్రాన పోదు. నాలుగింటిలో ఒక రెసిస్టర్ మిగతావాటికంటే డిగ్రీకి 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) ఎక్కువగా మారినా ఆఫ్‌సెట్ డిగ్రీకి 0.8 కౌంటు జరుగుతుంది. పెట్టెలో 15 డిగ్రీల వేడి పెరిగితే సరిగ్గా మీరు చూసిన 12 కౌంట్లు వస్తాయి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఇది ఇంకా పెరుగుతుంది. నాలుగు రెసిస్టర్లూ ఒకే ప్యాకేజీలో ఉండే 0.1 శాతం నెట్‌వర్క్ వాడితే అన్నీ కలిసి వేడెక్కి, కలిసి మారతాయి, నిష్పత్తి చెదరదు.

ట్రిమ్మర్ వద్దండీ. యంత్రం అదురుకు దాని అమరిక జరిగిపోతుంది, దానికీ వేడి ప్రభావం ఉంటుంది. మిగిలిన కొద్ది కౌంట్లను సాఫ్ట్‌వేర్‌లో తీసివేయడం సబబే కానీ, ఒకసారి నిల్వ చేసిన సంఖ్యను కాకుండా, ప్రతి పరీక్షకు ముందు బరువు లేనప్పుడు 256 రీడింగుల సగటు తీసుకుని దానిని తీసివేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. గ్రౌండు వైపు 50 ఓమ్‌లు చేర్చాను. రీడింగు 410 నుంచి 16కు వచ్చింది, వీఓసీఎం 2.0కు దించితే 15 చూపింది. ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా మీరు చెప్పినట్లే ఇంకా 11 కౌంట్లుగా ఉంది. నెట్‌వర్క్ రెసిస్టర్ వచ్చేవరకు ప్రతి కట్టకు ముందు సున్నా తీసుకునేలా ప్రోగ్రాం మార్చి పరీక్షలు కొనసాగిస్తున్నాను.