సెస్నా 172 స్టాల్: ముక్కు వంగితే చాలా, రెక్క కూడా పడాలా?

గాలిపటం
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా తొలిచేస్తున్న సందేహం ఇది. కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్‌తో (సిమ్) పాటు వచ్చిన సెస్నా 172ఎస్ అనే చిన్న విమానంలో 4000 అడుగులకు ఎక్కి, త్రాటిల్ (ఇంజిన్ పవర్) పూర్తిగా తీసేసి, ఎత్తు తగ్గకుండా జాయ్‌స్టిక్ లాగుతూ పోతాను. స్టాల్ హార్న్ మోగుతుంది, అంటే రెక్క లిఫ్ట్ (పైకెత్తే బలం) కోల్పోబోతోందని హెచ్చరిక. 48 నాట్ల వేగం దగ్గర ముక్కు కాస్త వంగుతుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది. తలాడిస్తున్నట్టు ఉంటుంది, అంతే. పోయిన వారం అదే విమానానికి యాడ్-ఆన్ (వేరేవాళ్లు తయారుచేసి అమ్మే మోడల్) కొన్నాను. అందులో ఇదే పని చేస్తే ప్రతిసారీ ఎడమ రెక్క ధబీమని పడిపోతుంది, నేను తేరుకునేలోపు గిరగిరా తిరుగుతూ కిందికి పోతుంది. రెంట్లో ఏది నిజం?

రన్‌వే27
యాడ్-ఆనే. ఊరికే డబ్బులు తీసుకుంటారా?

పట్టికలమనిషి
ఊరికే కూడా తీసుకుంటారు, బ్రదర్.

గాలిపటం గారూ, మొదటిదే నిజానికి దగ్గర. 172 రెక్కను కావాలనే కొంచెం మెలితిప్పి తయారు చేస్తారు. మొదలు దగ్గర కోణం ఎక్కువ, చివర తక్కువ. అందువల్ల గాలి ముందుగా రెక్క మొదలు దగ్గర విడిపోతుంది. ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలకలు) ఉన్న చివరి భాగం ఇంకా కొంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. పైగా మీరు ఒక్కరే ముందు సీట్లో కూర్చున్నట్టు లోడ్ పెట్టి ఉంటారు. బరువంతా ముందుంటే, త్రాటిల్ తీసేశాక యోక్ (స్టీరింగ్) చివరిదాకా లాగినా ఎలివేటర్‌కు (ముక్కును లేపే తోక పలకకు) రెక్కను పూర్తిగా స్టాల్ చేసే శక్తి చాలదు. అందుకే ఆ తలాడింపు. నిజమైన 172 కూడా చాలాసార్లు అలాగే చేస్తుంది. ముక్కు పైకే ఉంటుంది, విమానం మాత్రం లిఫ్టులా కిందికి దిగుతుంటుంది. చాలామంది దాన్ని స్టాల్ అని గుర్తే పట్టరు.

ఇంకో మాట. చిన్న విమానాల సర్టిఫికేషన్ పాత నియమాల్లో, అదే పార్ట్ 23లో, రెక్కలు సమంగా ఉంచి స్టాల్ చేసినప్పుడు 15 డిగ్రీలకు మించి ఒరగకుండా పైలట్ ఆపగలగాలి అని ఉండేది. ప్రతిసారీ స్పిన్‌లోకి (స్టాల్ అయి గిరగిరా తిరుగుతూ పడడం) పోయే విమానానికి ఆ పరీక్ష ఎవరు పాస్ చేస్తారు?

కుడిపెడల్
బాల్ ఎక్కడుంది?

రెక్క పడిందా లేదా అని అడిగేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. విమానం పక్కకు జారుతోందా అని చూపే మీటర్లోని ఆ బాల్ మధ్యలో లేకపోతే ఒక రెక్క ముందు స్టాల్ అవుతుంది, పడుతుంది. 172 అయినా పడుతుంది. "172 అమాయకురాలు" అనే కథ విని విని విసుగొచ్చింది. దాంట్లో స్పిన్ చేయొచ్చు. యుటిలిటీ క్యాటగిరీ (తక్కువ బరువు) పరిమితిలో, ఫ్లాప్స్ (రెక్క వెనక కిందికి దించే పలకలు) పైకి లేపి ఉంచి స్పిన్ చేయడానికి అనుమతి కూడా ఉంది. స్పిన్ అయ్యే విమానానికి రెక్క పడదంటే ఎలా?

ఇక ఎడమకే ఎందుకంటే పీ-ఫ్యాక్టర్. ప్రొపెల్లర్ ముక్కును ఎడమకు లాగుతుంది.

పట్టికలమనిషి
"త్రాటిల్ పూర్తిగా తీసేసి" అని ఆయన మొదటి పోస్టులోనే రాశారు. ఐడిల్‌లో పీ-ఫ్యాక్టర్ ఎంతుంటుంది? దాదాపు ఏమీ ఉండదు. క్రూయిజ్‌కు (మామూలు వేగంతో సాగడానికి) సరిపడేలా సర్దిన విమానం పవర్ తీసేస్తే ఇంకా కుడికే జరగాలని చూస్తుంది. చదివి రాయండి.

కుడిపెడల్
సరే, పీ-ఫ్యాక్టర్ వెనక్కి తీసుకుంటున్నా. బాల్ మాట వెనక్కి తీసుకోను. గాలిపటం, బాల్ ఎక్కడుంది?

టచ్‌అండ్‌గో
నాకైతే ల్యాండింగే రాదు, మీరు స్టాల్ గురించి కొట్టుకుంటున్నారు 😀

ఎడమసీటు
లైసెన్స్ ఉన్నవాడిగా ఒక మాట. నేను శిక్షణ తీసుకున్న ఫ్లయింగ్ స్కూల్లో రెండు 172లు ఉండేవి. ఒకే మోడల్. ఒకటి తలాడించేది, ఇంకోటి ప్రతిసారీ కుడి రెక్క దించేది. దాని ఫ్లాప్ సరిగ్గా సర్దలేదనీ, రెక్క అంచున ఎప్పుడో తగిలిన సొట్ట వల్లనీ రకరకాలుగా చెప్పేవాళ్లు. ఒక ట్యాంకులో పెట్రోలు ఎక్కువున్నా తేడా తెలుస్తుంది. కాబట్టి "172 ఇలా చేస్తుంది" అని ఒక్క వాక్యంలో చెప్పేవాళ్లెవరైనా ఒక్క విమానమే నడిపి ఉంటారు, లేదా ఒక్కటీ నడిపి ఉండరు.

పట్టికలమనిషి
చివరి మాట ఎవరి కోసం?

ఎడమసీటు
ఎవరి కోసం అనుకుంటే వాళ్ల కోసం.

పట్టికలమనిషి
వచ్చింది లైసెన్స్ కార్డు. ఏ చర్చలోనైనా పదో పోస్టులోపు ఇది రావాల్సిందే.

కంటి పరీక్షలో పోయింది నాది. అందుకే ఎడమ సీట్లో కూర్చోలేదు, చదువుకున్నాను. ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్‌లో 172పీ ఏరోడైనమిక్స్ మొత్తం మామూలు ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఏ కోణానికి ఎంత లిఫ్ట్ అనేది పట్టికల రూపంలో రాసి ఉంటుంది. అలాంటి పట్టికల మోడల్‌లో ఒక రెక్క పడాలంటే అది ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. దానంతట అది పడదు. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్ పద్ధతి వేరు. అది రెక్కను ముక్కలు చేసి ఒక్కో ముక్క మీద బలం విడిగా లెక్కిస్తుంది, కాబట్టి పక్కగాలి తగిలితే ఎడమ కుడి తేడా లెక్కలోనే వస్తుంది. కానీ అందులోనూ రెండు రెక్కలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. సొట్టలుండవు. కదలని గాలిలో, బాల్ మధ్యలో ఉంటే ఏ రెక్కా పడడానికి కారణమే లేదు.

కుడిపెడల్
చూశారా, చివరికి మీరూ బాల్ దగ్గరికే వచ్చారు.

ఆ 15 డిగ్రీల నియమం కూడా మళ్లీ చదవండి. "పైలట్ ఆపగలగాలి" అని మీరే రాశారు. అంటే పైలట్ కంట్రోల్స్ మామూలుగా వాడుతూ, సెకనుకు ఒక నాట్ చొప్పున మెల్లగా వేగం తగ్గిస్తూ చేసే పరీక్ష అది. జాయ్‌స్టిక్‌ను ఒక్కసారిగా పొట్టదాకా లాగి, రెక్క పడగానే ఎయిలరాన్‌తో లేపబోయేవాడి కోసం రాసింది కాదు. పడిన రెక్క మీద ఎయిలరాన్ కిందికి దిగితే దాని కోణం ఇంకా పెరుగుతుంది. స్టాల్ ముదురుతుంది. స్పిన్‌కు మనమే తలుపు తీసినట్టు.

పట్టికలమనిషి
ఎయిలరాన్ల వరకు రెక్క మెలిక వల్ల 172లో…

కుడిపెడల్
తెలుసు, తెలుసు. "చివరి భాగం ఇంకా పనిచేస్తుంది." ఎంతసేపు? ఏ బరువు దగ్గర? వెనక సీట్లలో ఇద్దరిని కూర్చోబెట్టి చూశారా? బరువు వెనక్కి పోతే స్టాల్ వేగం కాస్త తగ్గుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎలివేటర్‌కు ఇప్పుడు శక్తి చాలుతుంది. తలాడింపు ఉండదు, నిజంగా స్టాల్ అవుతుంది, కోలుకోవడం కష్టమవుతుంది. పైగా పవర్ పెట్టి ఎక్కుతూ స్టాల్ చేస్తే? 45 డిగ్రీలు ఒరిగి తిరుగుతూ చేస్తే? అక్కడ స్టాల్ వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. 48 కాదు, 57. అరవై డిగ్రీలైతే 68. మీరంతా కదలని గాలిలో, త్రాటిల్ తీసేసి, ఒక్క మనిషితో పరీక్ష పెట్టి "మంచి విమానం" అని సర్టిఫికెట్ ఇస్తున్నారు. మనుషులు చచ్చిపోయేది ఆ పరీక్షలో కాదు. ల్యాండింగ్‌కు చివరి మలుపు తిరుగుతూ, రన్‌వే దాటిపోతున్నామని రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే పెడల్) ఎక్కువ తొక్కి చచ్చిపోతారు.

పట్టికలమనిషి
అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఇంకొకటి. అంత ఆవేశం దేనికి? ఇది కంప్యూటర్ మీద ఆట.

కుడిపెడల్
ఆట అని మీరు అంటారు. అక్కడే నాకు మండుతుంది.

నిద్రలేని_కోపైలట్
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

మోడరేటర్
వ్యక్తిగతంగా వద్దు. విమానం గురించి మాట్లాడండి. పాప్‌కార్న్ పోస్టులు కూడా వద్దు.

కుడిపెడల్
విమానం గురించే చెప్తాను, వ్యక్తిగతంగానే.

నేను నిజం విమానం ఎక్కేముందు సిమ్‌లో వందల గంటలు కూర్చున్నాను. స్టాల్ అంటే నాకు ఆ తలాడింపే. హార్న్, వంగడం, వదలడం, అయిపోయింది. శిక్షణలో ఒకరోజు పవర్-ఆన్ స్టాల్ చేస్తున్నాం. కుడి రడ్డర్ చాలినంత తొక్కలేదు నేను. సిమ్‌లో ఎప్పుడూ తొక్కలేదు కాబట్టి కాలికి ఆ అలవాటే లేదు. ఎడమ రెక్క పోయింది. కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట పొలాలు కనిపించాయి. నేనేం చేశానో తెలుసా? యోక్ కుడికి తిప్పి, పొట్టకు లాక్కుని బిగుసుకుపోయాను. ఇన్‌స్ట్రక్టర్ నా చేతుల మీద కొట్టి వదిలించాల్సి వచ్చింది. కిందికి దిగాక ఆయన అరవలేదు. "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లి మానేశాను.

కాబట్టి రెక్క పడే సిమ్ కావాలి నాకు. పదిసార్లలో పదిసార్లు పడినా ఫర్వాలేదు. కొత్తవాడికి ఆ భయం కుర్చీలోనే కలగాలి, అక్కడ కాదు.

రన్‌వే27
అన్నా… ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది.

పట్టికలమనిషి
మీరు చెప్పింది విన్నాను. ఆట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

అయినా ఒప్పుకోను. ఎందుకో చెప్తాను. ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు.

ఎనిమిది నెలలు కూర్చుని ఒక చిన్న విమానానికి ఫ్లైట్ మోడల్ రాసి ఉచితంగా పెట్టాను. దొరికిన మాన్యువల్ సంఖ్యలన్నీ సరిపోయేలా చేశాను. వచ్చిన రివ్యూలు: "బొమ్మలా ఉంది", "స్టాల్ లేదు", "పిల్లల విమానం". కోపంతో ఒక్క లైను చేర్చాను. కోణం 16 డిగ్రీలు దాటితే ఏదో ఒక పక్కకు గట్టిగా తొయ్యి. ఏ పక్కకో లాటరీ. లెక్క లేదు, ఏరోడైనమిక్స్ లేదు, ఉత్త తోపు. కొత్త వెర్షన్ పెట్టిన వారంలోనే "ఇప్పుడు నిజం విమానంలా ఉంది" అని రాశారు. నడిపినవాళ్లమని చెప్పుకున్నవాళ్లు కూడా.

కష్టంగా ఉంటే నిజమనుకుంటారు జనం. ఆ తోపు మీకు రడ్డర్ నేర్పదు, కుడిపెడల్ గారూ. బాల్ మధ్యలో పెట్టినా పడుతుంది, పెట్టకపోయినా పడుతుంది. మీ కాలు చేసిన తప్పుకూ, రెక్క పడడానికీ అక్కడ సంబంధమే లేదు. అప్పుడు మీ కాలు ఏం నేర్చుకుంటుంది?

ఎడమసీటు
ఇది మంచి పాయింట్. నా పాత పోస్టు కొంచెం పొగరుగా ఉంది, సారీ.

పెద్ద విమానాల సంగతి కూడా ఇదే. ఎయిర్‌లైన్ పైలట్లు శిక్షణ తీసుకునే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్లు కూడా చాలాకాలం స్టాల్ హెచ్చరిక దాకానే నమ్మదగ్గవి. ఆ తర్వాత విమానం ఎలా ప్రవర్తిస్తుందో డేటా తక్కువ. స్టాల్ లోపలికి వెళ్లి కొలతలు తీసుకోవడం ప్రమాదం కదా. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ 3407 అనే ప్రయాణికుల విమానం స్టాల్ అయి కూలాకే ఈ విషయం మీద గట్టిగా పట్టుబట్టారు. పూర్తి స్టాల్ శిక్షణకు వాడే సిమ్యులేటర్ల ప్రమాణాలను అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2016లో మార్చింది. వాళ్లకే అంతకాలం పడితే మన డెస్క్ మీద ఉన్నదాన్ని ఏమనాలి.

కుడిపెడల్
అంటే తప్పుగా భయపెట్టేదానికంటే తప్పుగా ధైర్యం ఇచ్చేదే నయమా?

పట్టికలమనిషి
రెండూ తప్పే అంటున్నాను.

కుడిపెడల్
రెండూ తప్పే అయితే నేను భయాన్నే ఎంచుకుంటాను. మీరు అక్కడ లేరు.

పట్టికలమనిషి
లేను. ఉండనివ్వలేదు.

గాలిపటం
క్షమించండి, రెండు రోజులు రాలేకపోయాను. చాలా జరిగినట్టుంది.

కుడిపెడల్ గారు మూడుసార్లు చెప్పిన బాల్ చూశాను. సిమ్‌తో వచ్చిన విమానంలో మధ్యలోంచి కదలట్లేదు. ఎందుకా అని వెతికితే ఆటో రడ్డర్ ఆన్‌లో ఉంది. ఇన్నాళ్లూ నేను అసలు రడ్డరే వాడలేదన్నమాట. యాడ్-ఆన్ ఆ సెట్టింగ్‌ను పట్టించుకోదట. అందులో బాల్ ఎప్పుడూ కుడివైపు కాస్త జరిగే ఉంది. జాయ్‌స్టిక్ క్యాలిబ్రేషన్ చూస్తే, చేయి తీసేసినా ట్విస్ట్ (రడ్డర్ కోసం స్టిక్‌ను మెలితిప్పే కదలిక) ఎడమకు 4 శాతం చూపిస్తోంది.

ఆటో రడ్డర్ తీసేసి, వెనక సీట్లలో ఇద్దరిని పెట్టి, పవర్‌తో స్టాల్ చేస్తే పాత 172 కూడా ఎడమకు పోయింది! కుడి రడ్డర్ తొక్కితే పోలేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

కుడిపెడల్
బాల్.

పట్టికలమనిషి
ఒప్పుకున్నా, బాల్. ట్విస్ట్ సరిచేశాక యాడ్-ఆన్ ఏం చేసింది? త్రాటిల్ తీసేసి, బాల్ మధ్యలో, గాలి లేకుండా.

గాలిపటం
ఇప్పుడే పదిసార్లు చేశాను. పదిసార్లూ పడింది. ఆరుసార్లు ఎడమకు, నాలుగుసార్లు కుడికి.

పట్టికలమనిషి
ఆ లైను ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కుడిపెడల్
అయినా నేను అదే వాడతాను. గాలిపటం, దాని పేరు మెసేజ్ చెయ్యి.