మంచి నీరు పారించిన నేల చౌడు బారడం ఎందుకు?

ప్రశ్న

వర్షం తక్కువగా పడే ప్రాంతాలకు కాలువ నీరు వచ్చిన తరువాత కొన్నేళ్లు పంటలు బాగా పండి, ఆపై అవే పొలాల్లో చౌడు తేలడం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. సముద్రపు నీరు చొరబడిన చోట ఇలా జరిగితే అర్థం చేసుకోగలను. కానీ తాగడానికి కూడా పనికివచ్చే నదీజలాన్ని పారించిన చోట అంత ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది? అది నేలలో ముందే ఉన్నదా, నీటితో చేరినదా, ఎరువుల వల్ల పెరిగినదా? అలా చెడిన నేల మళ్లీ సాగుకు వస్తుందా? విషయం తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు 1

ఎరువుల పాత్ర సాధారణంగా చిన్నదే. మీరు చెప్పిన మిగిలిన రెండు కారణాలూ నిజమే, అవి తరచుగా కలిసే పనిచేస్తాయి.

తియ్యగా అనిపించే నదీజలంలోనూ లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉండవచ్చు. లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక హెక్టారుకు ఏడాది పొడవునా పెట్టిన నీరు మొత్తం ఒక మీటరు లోతు అయితే అది 10,000 ఘనపు మీటర్లు, అంటే దానితో పాటు 3 టన్నుల లవణం పొలంలోకి వచ్చినట్లు. పైరు ఆ నీటిని పీల్చుకుని ఆవిరిగా వదులుతుంది గానీ, లవణంలో చాలా భాగాన్ని వేళ్ల దగ్గరే విడిచిపెడుతుంది. వానలు సమృద్ధిగా పడే చోట అది కిందికి కొట్టుకుపోతుంది. పొడి ప్రాంతాల్లో ఏటికేడు పేరుకుపోతుంది.

రెండవది భూగర్భ జలమట్టం. కాలువల ఊట, అవసరానికి మించి పెట్టిన నీరు లోపలికి దిగి ఆ మట్టాన్ని పైకి లేపుతాయి. అది నేలకు సుమారు రెండు మీటర్ల దిగువకు వచ్చేసరికి, మట్టి రేణువుల మధ్యనున్న సన్నని సందుల గుండా నీరు పైకి పాకి, ఉపరితలం దగ్గర ఆవిరై, తాను మోసుకొచ్చిన ఉప్పును తెల్లని పొరగా వదులుతుంది. అడుగున యుగాల తరబడి నిలిచిన లవణాలు కూడా ఈ దారినే పైకి వస్తాయి. దీనికి కాలువలే ఉండనక్కరలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో లోతుగా వేళ్లూనే సహజ వృక్షాలను నరికి గోధుమ సాగు చేసిన చోట, వాన నీటిని ఏడాది పొడవునా వాడుకునే చెట్లు లేకపోవడంతో జలమట్టం లేచి, పది లక్షలకు పైగా హెక్టార్లు చౌడు బారాయి.

నీరు తెచ్చే కాలువకు పెట్టిన శ్రద్ధలో సగమైనా పొలంలో మిగిలిన నీరు బయటికి పోయే మురుగు కాలువకు పెట్టకపోవడమే ఇక్కడ మనుషులు చేసే అసలు తప్పని నా గట్టి అభిప్రాయం.

జవాబు 2

నేల తిరిగి సాగుకు వస్తుంది, కానీ అది ఏ చౌడో ముందు తేల్చుకోవాలి. పాలచౌడులో కరిగే లవణాలు ఎక్కువగా ఉంటాయి. మురుగు సౌకర్యం కల్పించి, మంచి నీటితో కడిగి పంపితే అవి తగ్గుతాయి. కారుచౌడు సంగతి వేరు. అందులో సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుని వాటిని విడగొట్టడం వల్ల సందులు మూసుకుపోయి నీరు ఇంకదు, క్షారగుణాన్ని తెలిపే ఉదజని సూచిక (pH) సాధారణంగా 8.5 దాటి ఉంటుంది. అక్కడ జిప్సం వేస్తే, అందులోని కాల్షియం సోడియం స్థానంలోకి చేరుతుంది. ఆ తరువాత పెట్టిన నీరే సోడియంను కిందికి తీసుకుపోగలదు.

రెండు లక్షణాలూ కలిసిన నేలను జిప్సం లేకుండా కేవలం నీటితో కడిగితే లవణాలు పోయి సోడియం మిగిలి, నేల మునుపటి కన్నా బిగుసుకుపోతుంది. అందుకే మట్టి పరీక్ష చేయించకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే కడిగిన ఉప్పునీరు మురుగు కాలువలో ఎక్కడికి వెళ్తుంది? ఒక పొలం బాగుపడి దిగువనున్న మరొక చోటు పాడవదా?

జవాబు 3

అడగవలసిన ప్రశ్న ఇదే. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ లోయ పడమటి భాగపు మురుగునీటిని సముద్రం వైపు పంపాలని కాలువ తలపెట్టారు గానీ, అది చివరి వరకు పూర్తి కాక కెస్టర్సన్ అనే జలాశయం దగ్గర ఆగిపోయింది. ఆ నేలలు ఒకప్పటి సముద్రగర్భపు శిలల నుంచి ఏర్పడినవి కావడంతో, ఉప్పుతో పాటు, మోతాదు మించితే విషమయ్యే సెలీనియం అనే మూలకం కూడా కరిగి ఆ మడుగుల్లో చేరి, ఆహార గొలుసులో పైకి పోయేకొద్దీ చిక్కబడింది. 1983లో అక్కడి నీటిపక్షుల గూళ్లలో వికృతమైన పిల్లలు, చచ్చిన పిండాలు కనబడ్డాయి. 1986లో కాలువను మూసివేశారు. అంతకు ముందే 1961లో, అరిజోనాలోని ఒక సాగు ప్రాంతం నుంచి వచ్చిన ఉప్పు మురుగు కొలరాడో నదిలో కలిసి, దిగువనున్న మెక్సికో రైతుల పైర్లను దెబ్బతీసింది. అది రెండు దేశాల మధ్య వివాదమై, నీటి లవణ పరిమితిపై 1973లో ఒప్పందం కుదిరేదాకా సాగింది.

కాబట్టి మొదటి జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మురుగు కాలువ తప్పనిసరే, కానీ అంతకన్నా ముందు మురుగు పరిమాణమే తగ్గాలి. కాలువలకు లైనింగ్ చేసి ఊటను అరికట్టడం, పైరుకు కావలసిన నీటికి వేళ్ల దగ్గరి ఉప్పును కడగడానికి అవసరమైన కొద్దిపాటి నీటిని మాత్రమే కలిపి పెట్టడం ముందుగా జరగాలి. అప్పటికీ వచ్చే మురుగును ఉప్పును తట్టుకునే పైర్లకు మళ్లీ వాడవచ్చు. చివరికి మిగిలిన చిక్కని నీటిని ఆవిరి మడుగుల్లోకి వదిలేటట్లయితే, దానిలో సెలీనియం, బోరాన్ వంటివి ఎంత ఉన్నాయో ముందే పరీక్షించి, పక్షులు అక్కడ వాలకుండా ఏర్పాట్లు చేయాలి.