నేమ్‌సర్వర్లు మార్చాను, సైట్ సగం వచ్చింది, మెయిల్ ఆగిపోయింది

ప్రశ్న:
మంగళగిరిలో మా అమ్మ చీరల షాపుకి వెబ్‌సైట్ పెడుతున్నానండి. డొమైన్ ఒక కంపెనీ దగ్గర రెండేళ్ల కిందట కొన్నాం, హోస్టింగ్ మొన్న ఇంకో కంపెనీలో తీసుకున్నాను. నిన్న రాత్రి నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులు ఉంచే సర్వర్లు) మార్చాను. నా ఫోన్‌లో మొబైల్ డేటా మీద కొత్త సైట్ వస్తోంది. షాపు వైఫై మీద మాత్రం ఇంకా పాత ఖాళీ పేజీయే. అసలు టెన్షన్ వేరే ఉంది. పొద్దుటి నుంచి ఆర్డర్ల మెయిల్ ఒక్కటీ రాలేదు. అమ్మ ప్రతి పది నిమిషాలకీ అడుగుతోంది.

జవాబు 1:
పేజీ గురించి కంగారు పడకండి. షాపు నెట్ వాళ్ల డీఎన్ఎస్ (సైట్ పేరుకి సర్వర్ అడ్రసు వెతికిపెట్టేది) పాత అడ్రసు గుర్తుపెట్టుకుంది, టీటీఎల్, అంటే అలా గుర్తుంచుకునే గడువు, తీరగానే మారుతుంది. ఒక్కోసారి 48 గంటలు పడుతుంది. మెయిల్ మాత్రం దానంతటదే రాదు. నేమ్‌సర్వర్లు మార్చారంటే రికార్డులన్నీ ఇక కొత్త చోటి నుంచే చదువుతారు. పాత చోటి ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి), ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పేది) ఉన్న టీఎక్స్‌టీ రికార్డు కొత్త చోట మీరే రాయాలి.

జవాబు 2:
నేనైతే నేమ్‌సర్వర్లు కదపనే కదపను. పాత చోటే ఎ రికార్డులో (సైట్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది) హోస్టింగ్ ఐపీ, అంటే ఆ సర్వర్ అంకెల అడ్రసు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరుకి మళ్లించే రికార్డు) పెడితే చాలు, మెయిల్ జోలికి పోనక్కర్లేదు. పాత ఎ రికార్డు తీసేయడం మరిచిపోకండి. రెండూ ఉంటే సైట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు.

అడిగినవారు:
పాత ప్యానెల్లో ఎంఎక్స్‌లు రెండు దొరికాయండి, ప్రయారిటీ 10, 20 (తక్కువ అంకె ఉన్నదాన్ని ముందు వాడతారు). అలాగే ఎక్కించాను. అరగంటకి మెయిల్ వచ్చింది, నిజాం అంచు నీలం చీర కావాలట! అమ్మ అప్పుడే మడత విప్పి ఫొటో తీయిస్తోంది. ఎస్ఎస్ఎల్ (సైట్‌ని https మీద భద్రంగా తెరిచే సర్టిఫికెట్) ఇప్పుడే పెట్టొచ్చా?

జవాబు 1:
షాపు వైఫై మీద కూడా కొత్త సైట్ కనిపించనివ్వండి, అప్పుడు పెట్టండి.