ఎర్ర నేలలో డిటెక్టర్ అరుపు ఆగట్లేదు, డనోలీ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నల్గొండ_టు_మెల్‌బోర్న్:

అందరికీ నమస్కారం. ఆఫీసులో ఒకాయన శని, ఆదివారాలు బంగారం వెతకడానికి వెళ్తాడని తెలిసినప్పటి నుంచి నా బుర్రలో పురుగు తొలుస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న మెటల్ డిటెక్టర్ కొన్నాను. మా ఆవిడ ఉంగరం పెరట్లో గడ్డి కింద పెట్టి చూస్తే టక్కున పట్టేసింది. ఆ ధైర్యంతో మైనర్స్ రైట్ (ఇక్కడ బంగారం వెతకడానికి ఇచ్చే పర్మిట్) కూడా తీసుకుని, పోయిన శనివారం పొద్దున్నే రెండున్నర గంటలు డ్రైవ్ చేసి, పాత బంగారు గనుల ఊరు డనోలీ పక్క అడవికి వెళ్లాను.

కాయిల్ (మెషీన్ కింద ఉండే గుండ్రటి పళ్లెం) ఇలా నేల మీదికి దించానో లేదో, ఒకటే గోల. పైకెత్తితే ఆగుతుంది, దించితే మళ్లీ మొదలు. ఐదు గంటల్లో 23 గుంటలు తవ్వాను. రెండు పాత మేకులు, ఒక సీసపు గుండు, కొంచెం రేకు. మిగతా గుంటల్లో ఎర్ర రాళ్లు తప్ప ఏమీ లేవు. నడుము పట్టేసింది. మెషీన్ పాడైందా, నేనే తప్పు చేస్తున్నానా? అనుభవం ఉన్న అన్నలు ఎవరైనా చెప్పండి.

కాఫీ_విత్_కాయిల్:

పాడవలేదు బ్రో. సెన్సిటివిటీ ఫుల్లో పెట్టి ఉంటారు, మొదట్లో అందరం అదే చేస్తాం. సగానికి తగ్గించి చూడండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

బెండిగో_అనంతపురం:

అన్న కాదు తమ్ముడూ, అక్కని. బెండిగోలో నర్సుని. నైట్ డ్యూటీ దిగి నిద్ర పట్టని పొద్దుల్లో ఈ పని మొదలుపెట్టాను, ఎనిమిదేళ్లయింది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

మీ పెరట్లో పట్టి అక్కడ పట్టకపోవడానికి కారణం మెషీన్ కాదు, మట్టి. ఆ నేలంతా ఇనుప రాయి, మన వైపు మొరం ఉన్నట్టు. చిన్న చిన్న ఎర్ర గోళీల్లాంటి రాళ్లు చూశావు కదా, వాటిలో అయస్కాంతానికి అంటుకునేవి బోలెడు. నీ మెషీన్ ఆగకుండా తరంగం పంపుతూ, అదే సమయంలో తిరిగొచ్చేది వింటుంది. అందుకని దానికి లోహం కంటే ముందు మట్టే వినపడుతుంది. మట్టి గొంతును తీసేసి మిగతాది వినమని చెప్పడమే గ్రౌండ్ బ్యాలెన్స్. చవక మెషీన్లలో చాలావాటికి అది ఫ్యాక్టరీలోనే ఒక చోట బిగించేసి ఉంటుంది. పార్కుకి, గడ్డి మైదానానికి సరిపోతుంది కానీ డనోలీకి సరిపోదు. ముందు నీ మెషీన్‌లో దాన్ని మార్చే బటన్ ఉందో లేదో చూడు.

ఉంటే ఇలా చెయ్యి. కింద లోహం లేదని నమ్మకం కుదిరిన చోట నిలబడి, బోరింగు కొట్టినట్టు కాయిల్‌ను నేలకి దగ్గరగా దించుతూ ఎత్తుతూ ఉండు. దించినప్పుడూ ఎత్తినప్పుడూ శబ్దం ఒకేలా వచ్చేదాకా సరిచెయ్యి. పది అడుగులు నడిచాక మట్టి రంగు మారితే మళ్లీ చెయ్యి. బద్ధకించావా, మళ్లీ 23 గుంటలే. కాయిల్ చిన్నదైతే మేలు. పెద్ద కాయిల్ లోతుకు వెళ్తుందని కొంటారు, కానీ అది ఒకేసారి ఎక్కువ మట్టిని చూస్తుంది, అంత గోలా ఎక్కువే. ఊపేటప్పుడు నేలకి సమానంగా, మెల్లగా. గడ్డి కోసే కొడవలిలా చివర్లో పైకి లేపకూడదు.

ఏమీ దొరకని నీ గుంటల గురించి. అవి చాలావరకు హాట్ రాక్స్, అంటే చుట్టూ ఉన్న మట్టికంటే ఇనుము ఎక్కువున్న రాళ్లు. ఇంకోటి ఎవరూ చెప్పరు, నేను ఆరు నెలలు మోసపోయాక తెలిసింది. పాత రోజుల్లో చలికాచుకున్న నెగళ్లు, అడవి మంటల్లో మోడు కాలిన చోట్లు కూడా అరుస్తాయి. ఇనుమున్న మట్టి బాగా కాలితే దాని గుణం మారి అయస్కాంతపు మట్టి అవుతుంది. ఒకసారి అలాంటి చోట మోకాలి లోతు తవ్వి బొగ్గు, నల్లబడ్డ మట్టి తప్ప ఏమీ చూడలేదు. ఆ రోజు మా ఆయన నవ్వుతూ తీసిన ఫోటో ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది.

తేడా ఎలా కనిపెట్టాలి అంటావా? అనుమానం వచ్చిన చోట ఒక దిక్కున ఊపి, తర్వాత అడ్డంగా తిరిగి ఊపు. లోహమైతే రెండు వైపుల నుంచీ అదే చోట, చిన్నగా, అంచు తెగినట్టు వినపడుతుంది. మట్టి శబ్దం అలలా పరుచుకుని ఉంటుంది, చోటు జరుగుతుంది. బూటుతో పైన ఒక అంగుళం గీకి మళ్లీ విను. శబ్దం పెరిగితే తవ్వు, పోతే వదిలెయ్. తవ్వే పిక్ తలకి ఒక గట్టి అయస్కాంతం అతికించుకో. తవ్విన మట్టిలో దాన్ని తిప్పితే మేకులు వాటంతట అవే వచ్చేస్తాయి.

బంగారం వేటకి స్థిరపడినవాళ్లు వాడేది వేరే రకం, పల్స్ ఇండక్షన్. అది ఒక దెబ్బ కొట్టి ఆగి, ఆ నిశ్శబ్దంలో వింటుంది. గుడి గంటని కొడితే మోత కాసేపు నిలుస్తుంది, కుండని కొడితే టప్‌మని అయిపోతుంది కదా. లోహం గంట, మట్టి కుండ. (కాలిన మట్టి మాత్రం కొంచెం మోగే కుండ, అందుకే పల్స్ మెషీన్లూ అక్కడ తడబడతాయి.) అడిలైడ్ కంపెనీ మైన్‌లాబ్ 1990లలో ఇలాంటివి తెచ్చాకే, అంతకుముందు ఊడ్చేశారనుకున్న చోట్లలో మళ్లీ బంగారం బయటపడింది. ధర మాత్రం వేల డాలర్లు. ఇప్పుడే కొనకు, ముందు ఒక ఏడాది నీ చెవికి అలవాటు కానీ.

నిరుత్సాహపడకు. నువ్వు వెళ్లిన డనోలీకి దగ్గర్లోనే, మోలియాగుల్‌లో, 1869లో ఇద్దరికి 70 కిలోలు దాటిన బంగారు ముద్ద, వెల్‌కమ్ స్ట్రేంజర్ దొరికింది. నేల పైనుంచి కొన్ని సెంటీమీటర్ల లోతులోనే! డనోలీలో తూచడానికి త్రాసు చాలక దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టారు. కింగోవర్ దగ్గర 1980లో దొరికిన 27 కిలోల హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అయితే డిటెక్టర్‌తోనే దొరికింది. నాకు ఎనిమిదేళ్లలో దొరికిన పెద్దది 4 గ్రాములు, అదీ గుంట పూడ్చడానికి మట్టి నెడుతుంటే మళ్లీ అరిస్తే చూసింది.

పూడ్చడం అన్నాను కదా, ప్రతి గుంటా పూడ్చు. కంగారూ కాలు ఇరుక్కుంటుంది, పైగా చట్టం కూడా. చేతి పనిముట్లే వాడాలి. నేషనల్ పార్కుల్లో చాలావాటిలో వెతకనివ్వరు, మ్యాప్ చూసుకో. పాత షాఫ్టులు (గని కోసం తవ్విన నిలువు గోతులు) కంచె లేకుండా ఉంటాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెనక్కి నడవకు. ఎండలు మొదలైతే పాములు.

తుగ్గలి_కుర్రోడు:

అక్కా, మాది జొన్నగిరి పక్కన. వానలు పడితే మా ఊరంతా పొలాల్లో వజ్రాల కోసం కూర్చుంటారు. ఈ మెషీన్ ఒకటి పంపిస్తే మా పని తేలిక కాదా?

బెండిగో_అనంతపురం:

వజ్రం లోహం కాదు నాయనా, దానికి ఈ మెషీన్ కిక్కురుమనదు. మీ అమ్మ కళ్లే మంచి డిటెక్టర్. ఇంకో మాట, మన దగ్గర మట్టిలో నాణేలో నగలో దొరికితే నీవి అయిపోవు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి. గుప్తనిధుల పేరుతో గుళ్ల దగ్గర తవ్వే బ్యాచ్‌ల జోలికి మాత్రం పోకు.

నల్గొండ_టు_మెల్‌బోర్న్:

అక్కా, క్షమించాలి, అన్న అనేశాను. చూశాను, నా మెషీన్‌లో ఆ బటన్ లేదు. అయినా నిన్న మళ్లీ వెళ్లాను. సెన్సిటివిటీ సగానికి తగ్గించి, మెల్లగా ఊపాను. నాలుగు గంటల్లో ఆరు గుంటలే తవ్వాను. ఆరింటిలో ఐదింటిలో ఏదో ఒకటి ఉంది! నాలుగు సీసపు గుళ్లు, ఒక పాత ఇత్తడి బొత్తాం. ఆరోది మీరు చెప్పినదే, బొగ్గు. తవ్వుతుంటే నాకే నవ్వొచ్చింది.

బొత్తాం మీద సగం లంగరు బొమ్మ ఉంది. మా ఆవిడ దాన్ని సబ్బు నీళ్లలో నానబెట్టింది. తోమొచ్చా?

బెండిగో_అనంతపురం:

తోమొద్దు! నీళ్లలోంచి తీసి ఆరబెట్టమను. పాతది కదా, హెరిటేజ్ నిబంధన ఒకసారి చదువు. దొరికిన చోటు ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నావా?