సుడో పోయింది, పర్ల్ పోయింది... ఫార్మాట్ కొట్టక తప్పదా?

శుభలేఖల_ప్రెస్ (హనుమకొండ):
చౌరస్తా దగ్గర మాది పెళ్లి కార్డుల ప్రింటింగ్. డిజైన్లన్నీ ఒకే సిస్టమ్‌లో ఉన్నాయి, అందులో ఉన్నది డెబియన్ 10 లినక్స్. ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదని మా బామ్మర్ది డెబియన్ 11 నుంచి లిబ్‌సీ6 (దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడుకునే లైబ్రరీ) ఒక్కటే దించి, డీపీకేజీకి (ప్యాకేజీలు ఎక్కించే టూల్) ఫోర్స్-డిపెండ్స్ తగిలించి, దానికి కావాల్సినవి లేకున్నా బలవంతంగా ఎక్కించేశాడు. అప్పట్నుంచి అడ్మిన్ హక్కులిచ్చే సుడో, ఎస్‌యూ నడవట్లేదు, పర్ల్ (చాలా సిస్టమ్ టూల్స్ వాడే స్క్రిప్టు భాష) కొడితే లిబ్‌క్రిప్ట్.ఎస్‌ఓ.1 అనే లైబ్రరీ ఫైలు లేదంటోంది. ఆప్ట్ (ప్యాకేజీలు దించి ఎక్కించేది)తో చెడినవి సరిచేసే ఫిక్స్-బ్రోకెన్ కొట్టినా పర్ల్ దగ్గరే ఆగిపోతోంది. రూట్ (అడ్మిన్) టెర్మినల్ ఒకటి మాత్రం ఇంకా తెరిచే ఉంది. ముహూర్తాల ఆర్డర్లు నెత్తి మీదున్నాయి, మస్తు టెన్షన్‌గా ఉంది అన్నా.

కాజీపేట_టక్స్:
లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి హోమ్ ఫోల్డర్ (నీ ఫైళ్లన్నీ ఉండేది) కాపీ తీసుకో, కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకో. గంటలో అయిపోతుంది.

కరీంనగర్_రూట్:
ఆగు తమ్మీ, ఫార్మాట్ ఎందుకు? ముందు ఆ టెర్మినల్ మూయకు, సిస్టమ్ ఆపకు. మళ్లీ లాగిన్ అవ్వాలన్నా పాస్‌వర్డ్ సరిచూసే ఆ లిబ్‌క్రిప్టే కావాలి. డెబియన్ 10లో ఆ ఫైలు లిబ్‌సీ6 లోపలే ఉండేది, 11కు వచ్చేసరికి లిబ్‌క్రిప్ట్1 అని వేరే ప్యాకేజీ చేశారు. మీ బామ్మర్ది పాతది తీయించి, కొత్తది రానియ్యలేదు, అంతే జరిగింది.

సోర్సెస్ లిస్ట్‌లో (ఆప్ట్ ఎక్కణ్నుంచి దించాలో రాసే ఫైలు) బుల్స్‌ఐ, అంటే డెబియన్ 11, పెట్టి ఆప్ట్ అప్‌డేట్, తర్వాత ఆప్ట్ డౌన్‌లోడ్ లిబ్‌క్రిప్ట్1. వచ్చిన డెబ్ (ప్యాకేజీ ఫైలు)ను డీపీకేజీ-డెబ్ -ఎక్స్‌తో టెంప్‌లో ఒక ఫోల్డర్‌లోకి విప్పు. నేరుగా రూట్ (/, అన్నిటికన్నా పై ఫోల్డర్) మీద మాత్రం విప్పకు, ఇది జర గట్టిగా చెప్తున్నా. డెబియన్ 10 కొత్తగా వేసిన సిస్టమ్‌లో లిబ్ అనేది అసలు ఫోల్డర్ కాదు, యూఎస్ఆర్ లోపలి లిబ్‌కు లింకు. ఆ లింకు పోయి ఉత్త ఫోల్డర్ వచ్చి కూర్చుందంటే ఎల్‌ఎస్ కూడా నడవదు. విప్పిన దాంట్లోంచి లిబ్‌క్రిప్ట్.ఎస్‌ఓ.1, అది చూపించే అసలు ఫైలు లిబ్‌క్రిప్ట్.ఎస్‌ఓ.1.1.0, రెండూ సీపీ -ఏ తో యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ లోకి కాపీ చేసి, లైబ్రరీల జాబితా మళ్లీ తయారయ్యేలా ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టు. పర్ల్ లేచిందంటే ఫిక్స్-బ్రోకెన్ మళ్లీ కొట్టు. ఏమేం తీసేస్తానంటుందో ఆ లిస్టు చదవకుండా వై నొక్కకు.

శుభలేఖల_ప్రెస్:
పర్ల్ లేచింది అన్నా! సుడో కూడా. ఫిక్స్-బ్రోకెన్‌లో తీసేసేవి ఏం లేవు, లిబ్‌క్రిప్ట్1తో పాటు ఇంకేవో నాలుగైదు ఎక్కించింది. ఇప్పుడు రీస్టార్ట్ చేయొచ్చా?

కరీంనగర్_రూట్:
కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కు, వచ్చే టెక్స్ట్ స్క్రీన్‌లో లాగిన్ అవ్వగలిగితే రీస్టార్ట్ చేసుకో. ఇప్పుడు నీది సగం 10, సగం 11, ఇట్లనే వదిలేస్తే వచ్చే నెల ఇంకోటి ఊడుతుంది. డిజైన్లు వేరే డిస్క్‌లోకి తీసిపెట్టి, ఆర్డర్లు అయిపోగానే 11కు పూర్తిగా ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టు. పాస్‌వర్డ్ కూడా మార్చు, బామ్మర్దికి చెప్పకు 😄